హెచ్చరిక పొందే హక్కు: బరువు తగ్గించే మందులు, బాధితుల న్యాయమార్గాల చరిత్ర

వైద్యుడు రాసిన మందు వాడి ఆరోగ్యం కోల్పోయిన రోగి ఎవరిని, ఏ న్యాయస్థానంలో, ఏ ఆధారంతో నిలదీయగలడన్న ప్రశ్నకు నేడు చట్టగ్రంథాలలో కనిపించే సమాధానాలను ఏ శాసనసభా ఒక్కసారిగా కూర్చుని రాయలేదు. అవి సుమారు నూటడెబ్బై ఏళ్లుగా ఒక్కో ప్రమాదం తరువాత ఒక్కొక్కటిగా రూపుదిద్దుకున్నాయి. ఆ పరిణామాన్ని తెలుసుకోవడానికి బరువు తగ్గించే మందుల చరిత్రను మించిన ఉదాహరణ అరుదు. ఈ మందులు వాడేవారిలో చాలామంది మంచాన పడ్డ రోగులు కారు. లేచి తిరుగుతూ, తమ పనులు తాము చేసుకుంటూ, ఒంటి బరువు తగ్గితే మేలని నమ్మి మందు మొదలుపెట్టినవారు. వారి సంఖ్య లక్షల్లో ఉంటుంది కనుక, వెయ్యిమందిలో ఒకరికి వచ్చే దుష్ప్రభావం కూడా వందలాది కుటుంబాలను తాకుతుంది. ఈ చరిత్రలో న్యాయస్థానాలు మళ్లీ మళ్లీ మూడు ప్రశ్నల దగ్గరికే వచ్చాయి: ప్రమాదం గురించి తయారీదారుకు ఏమి తెలుసు, ఎప్పుడు తెలిసింది, తెలిసినదాన్ని ఎవరికి చెప్పాడు. బాధితుల హక్కులన్నిటికీ మూలం హెచ్చరిక పొందే హక్కేనని ఈ చరిత్ర నిరూపిస్తుంది.

ఒప్పందం నుంచి బాధ్యతకు

పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల, అమెరికన్ న్యాయంలో ఒక వస్తువు వల్ల నష్టపోయిన వ్యక్తి దాన్ని తనకు నేరుగా అమ్మినవారి మీదే దావా వేయగలిగేవాడు. ఇద్దరి మధ్య ఒప్పందం లేనిదే బాధ్యత కూడా లేదన్న ఈ సూత్రాన్ని ఒప్పంద సంబంధ నియమం అంటారు. అమెరికాలో ఈ నియమానికి తొలి పెద్ద గండి పడింది ఒక మందు కేసులోనే. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక మహిళకు వైద్యుడు డాండిలయన్ అనే నిరపాయకరమైన మూలిక సారాన్ని రాయగా, ఆమెకు చేరిన సీసా మీద ఆ మూలిక పేరే ఉన్నా లోపల ఉన్నది బెల్లడొన్నా అనే విషం. సీసా తయారీదారు నుంచి టోకు వర్తకుడికి, అతని నుంచి ఊరి మందుల దుకాణానికి చేతులు మారి రోగిని చేరింది కనుక, ఆమెకూ తయారీదారుకూ మధ్య ఒప్పందమంటూ ఏదీ లేదు. అయినా థామస్ వర్సెస్ వించెస్టర్ అన్న ఈ కేసులో 1852లో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు, విషం మీద తప్పు పేరు అతికించినవాడు ఆ సీసా ఎన్ని చేతులు మారినా చివరికి దాన్ని వాడిన మనిషికి జవాబుదారీయే అని తీర్పు చెప్పింది. 1916లో అదే న్యాయస్థానం మెక్‌ఫెర్సన్ వర్సెస్ బ్యూక్ కేసులో ఈ సూత్రాన్ని విషాలకే పరిమితం చేయకుండా, నిర్లక్ష్యంగా తయారైతే ప్రమాదం తెచ్చిపెట్టే వస్తువులన్నిటికీ విస్తరించింది.

అయితే నష్టం జరిగాక దావా వేయడం ఒక దారి, నష్టం జరగక ముందే ప్రభుత్వం అడ్డుకోవడం మరొక దారి. ఈ రెండో దారి అమెరికాలో 1930ల దాకా దాదాపు మూసుకుపోయే ఉంది. 1906 నాటి ఆహార, ఔషధ చట్టం కల్తీని, లేబుల్ మీది అబద్ధాన్ని మాత్రమే శిక్షించేది. అమ్మకానికి ముందు మందు సురక్షితమని రుజువు చేయాలన్న నిబంధన దానిలో లేదు. స్థూలకాయాన్ని ఆ రోజుల్లో జబ్బుగా కాక అందానికి సంబంధించిన లోపంగా చూసేవారు. ఈ రెండు లోపాల మధ్య నుంచి మర్మోలా అనే బిళ్ల దేశమంతటా అమ్ముడుపోయింది. దానిలో ఉన్నది జంతువుల థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన సారం; వైద్య పర్యవేక్షణ లేకుండా వాడితే గుండెకు హాని చేయగలది. దాన్ని సురక్షితమైన శాస్త్రీయ మందుగా ప్రచారం చేయకూడదని సమాఖ్య వాణిజ్య సంఘం ఆదేశించగా, తయారీ సంస్థ రలాడం సుప్రీంకోర్టుకు వెళ్లి 1931లో గెలిచింది. ప్రచారం ప్రజలకు హాని చేసిందా అన్నది కాదు, పోటీ వ్యాపారులకు నష్టం కలిగించిందా అన్నదే చట్టం అడుగుతున్న ప్రశ్న అనీ, అలాంటి నష్టానికి రుజువు లేదనీ కోర్టు తేల్చింది. వినియోగదారు అప్పటికి ఆ చట్టం దృష్టిలో లేడు. 1938లో కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, ప్రజలను మోసగించే ప్రచారాన్ని నేరుగా అడ్డుకునే అధికారం ఆ సంఘానికి ఇచ్చింది.

అదే దశకంలో డైనైట్రోఫినాల్ అనే రసాయనం మరింత దారుణమైన పాఠం నేర్పింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లోని ఆయుధ కర్మాగారాలలో పేలుడు పదార్థాల తయారీకి దీన్ని వాడినప్పుడు, కార్మికులు విపరీతంగా చెమటలు కక్కుతూ, జ్వరపడుతూ, చిక్కిపోతూ కనిపించారు. శరీరకణాలు ఆహారం నుంచి పుట్టిన శక్తిని నిలవ చేసుకోకుండా వేడిగా వెళ్లగొట్టేటట్లు చేయడమే ఈ రసాయనం పని. 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మారిస్ టెయింటర్, విండ్సర్ కటింగ్ అనే పరిశోధకులు దీన్ని బరువు తగ్గించేందుకు వాడవచ్చునని ప్రకటించగానే వైద్యుడి చీటీ లేకుండా అమ్మకాలు మొదలయ్యాయి. ఏడాది తిరిగేసరికి కనీసం లక్షమంది దీన్ని వాడి ఉంటారని టెయింటర్ స్వయంగా అంచనా వేశాడు. తరువాత కొందరు అదుపుతప్పిన శరీరతాపంతో మరణించారు, కొందరు యువతులకు కంట్లో శుక్లాలు వచ్చి చూపు మసకబారింది. మందు నిజంగానే బరువు తగ్గించేది కనుక లేబుల్ మీది మాట అబద్ధం కాదు; అందువల్ల ప్రభుత్వం చేతిలో ఆయుధమూ లేదు. 1937లో సల్ఫనిలమైడ్ ద్రవమందు వందమందికి పైగా ప్రాణాలు తీయడంతో దేశం కదిలి 1938లో ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం వచ్చింది. కొత్త మందు సురక్షితమని అమ్మకానికి ముందే రుజువు చేయాలన్న నియమం దానితోనే మొదలైంది. ఆ చట్టం చేతికి రాగానే డైనైట్రోఫినాల్‌ను మానవ వినియోగానికి పనికిరాని అత్యంత ప్రమాదకర పదార్థంగా మందుల నియంత్రణ చూసే ఆహార ఔషధ సంస్థ ప్రకటించింది.

వైద్యుడు మధ్యవర్తిగా నిలిచిన కాలం

1951లో ఆ 1938 చట్టానికి వచ్చిన డర్హమ్-హంఫ్రీ సవరణ కొన్ని మందులను వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడదని శాసించింది. రోగికి రక్షణగా వచ్చిన ఈ ఏర్పాటే తయారీదారులకు ఒక కొత్త రక్షణ వాదనను సమకూర్చింది. చీటీ మందు విషయంలో కంపెనీ హెచ్చరించవలసింది రోగిని కాదు, వైద్యుడిని. ఆయన విషయం తెలిసిన మధ్యవర్తి కనుక, ఆయనకు తగిన సమాచారం ఇస్తే కంపెనీ బాధ్యత తీరినట్లే అన్నది ఆ వాదన సారాంశం. 1966లో స్టెర్లింగ్ డ్రగ్ వర్సెస్ కార్నిష్ కేసులో ఒక సమాఖ్య అప్పీళ్ల కోర్టు ఈ సూత్రానికి విజ్ఞ మధ్యవర్తి సిద్ధాంతం అన్న పేరు స్థిరపరిచింది. ఆ కేసులో నిజానికి గెలిచింది రోగే. కంపెనీ వైద్యులకు కూడా సరిగా చెప్పలేదని కోర్టు భావించింది. 1965లో వెలువడిన అమెరికన్ న్యాయసూత్రాల సంకలనం, లోపభూయిష్టమైన వస్తువు అమ్మినవాడు నిర్లక్ష్యం లేకున్నా బాధ్యుడే అన్న కఠిన బాధ్యతా సూత్రాన్ని ప్రతిపాదిస్తూనే, కొన్ని మందులు ఎంత జాగ్రత్తగా చేసినా పూర్తిగా నిరపాయకరం కాలేవు గనుక, సరైన తయారీ, తగిన హెచ్చరిక ఉంటే వాటిని లోపభూయిష్టం అనరాదని మినహాయింపు చేర్చింది. ఈ రెండు పరిణామాల వల్ల మందుల దావాలన్నీ హెచ్చరిక చుట్టూనే తిరగడం మొదలుపెట్టాయి.

మధ్యవర్తి తన ధర్మం మరచినప్పుడు ఏమవుతుందో అదే కాలంలో బయటపడింది. యాంఫెటమిన్, థైరాయిడ్ సారం, మూత్రం ఎక్కువగా పోయించే మందు, విరేచన మందు, గుండెకు వాడే డిజిటాలిస్, నిద్రకు బార్బిట్యురేట్, ఇలా ఒకదాని దుష్ప్రభావాన్ని కప్పిపుచ్చేందుకు మరొకటి చేర్చిన రంగురంగుల బిళ్లలను కొందరు వైద్యులు తమ క్లినిక్‌లలోనే అమ్మేవారు. వాటికి ఇంద్రధనుస్సు బిళ్లలని పేరు. 1968లో సెనేటర్ ఫిలిప్ హార్ట్ అధ్యక్షతన జరిగిన విచారణల్లో ఈ వ్యాపారం, దానితో ముడిపడిన మరణాలు దేశం దృష్టికి వచ్చాయి. ఆ ఏడాదే స్విట్జర్లాండ్‌లో అమినోరెక్స్ అనే ఆకలి మందును మార్కెట్ నుంచి తొలగించారు. 1965లో అమ్మకానికి వచ్చిన ఆ మందు స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీలలో పుపుస రక్తపోటు అనే అరుదైన, తరచు ప్రాణాంతకమైన వ్యాధిని, అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాలలో ఒత్తిడి పెరిగి గుండె కుడిభాగం అలసిపోయే స్థితిని, ఎన్నో రెట్లు పెంచింది. ఆకలిని చంపే మందు ఊపిరితిత్తుల రక్తనాళాలను పాడుచేయగలదని వైద్యలోకానికి 1968 నాటికే తెలుసునన్న విషయం, మూడు దశాబ్దాల తరువాత జరిగిన అతిపెద్ద వివాదంలో కీలకమైంది.

ఫెన్-ఫెన్ వివాదం

ఫెన్‌ఫ్లూరమిన్ ఫ్రాన్స్‌కు చెందిన సెర్వియే సంస్థ కనుగొన్న మందు; అమెరికాలో 1973లో పాండిమిన్ పేరుతో అనుమతి పొందింది. ఫెంటెర్మిన్‌కు అంతకుముందే 1959లో అనుమతి ఉంది. ఈ రెంటినీ కలిపి వాడవచ్చునన్న ఆలోచనకు ఊపు తెచ్చింది 1992లో మైకేల్ వైంట్రాబ్ ప్రచురించిన ఒక అధ్యయనం; అందులో పాల్గొన్నవారు కేవలం 121 మంది. రెండు మందుల జోడీకి ఆహార ఔషధ సంస్థ ఏనాడూ అనుమతి ఇవ్వలేదు. విడివిడిగా అనుమతి ఉన్న మందులను వైద్యులు తమ విచక్షణతో కలిపి రాయవచ్చు కనుక, ఫెన్-ఫెన్ అనే ముద్దుపేరుతో ఆ జోడీ దేశమంతా పాకింది. 1996 ఏప్రిల్‌లో ఫెన్‌ఫ్లూరమిన్‌కు దగ్గరి రూపమైన డెక్స్‌ఫెన్‌ఫ్లూరమిన్‌కు రెడక్స్ పేరుతో అనుమతి లభించింది. నాలుగు నెలలకే ఈ తరగతి మందులు మూడు నెలలకు మించి వాడితే పుపుస రక్తపోటు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని ఒక అంతర్జాతీయ అధ్యయనం వెల్లడించింది. ఆ ఒక్క ఏడాదిలోనే ఫెన్-ఫెన్ కోసం సుమారు 1.8 కోట్ల చీటీలు రాశారు.

అసలు దెబ్బ ఊపిరితిత్తుల వైపు నుంచి కాక గుండె కవాటాల వైపు నుంచి వచ్చింది. ఉత్తర డకోటా రాష్ట్రంలోని ఫార్గో పట్టణంలో గుండెకు ఎకో పరీక్ష, అంటే శబ్దతరంగాలతో గుండె కదలికలను తెర మీద చూపే పరీక్ష, చేసే ఒక సాంకేతిక నిపుణురాలు, 1990ల మధ్యకాలంలో, చిన్న వయసు స్త్రీలలో కవాటాలు మందంగా మారి సరిగా మూసుకోకపోవడం గమనించింది. వారందరూ ఫెన్-ఫెన్ వాడుతున్నవారని పోల్చుకుని ఆమె తోటి వైద్యులను అప్రమత్తం చేసింది. ఆ వైద్యులు మేయో క్లినిక్‌తో కలిసి పరిశీలించిన 24 మంది స్త్రీల వివరాలను మేయో క్లినిక్ 1997 జూలై 8న ప్రకటించగా, ఆగస్టులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. శస్త్రచికిత్స అవసరమైన రోగుల కవాటాలు తెల్లగా మెరుస్తూ, పైన పొర పేరుకున్నట్లు కనిపించాయి. సెరటోనిన్ అనే రసాయనాన్ని అతిగా స్రవించే కొన్ని కంతుల వ్యాధిలోనూ, ఎర్గటమిన్ అనే పాత తలనొప్పి మందు దీర్ఘకాలం వాడినవారిలోనూ సరిగ్గా అలాంటి మార్పులే ఉంటాయని వైద్యులకు ముందే తెలుసు. ఆపై అయిదు చోట్ల 291 మందికి చేసిన పరీక్షల్లో, పైకి ఏ లక్షణమూ లేనివారిలో సైతం సుమారు 30 శాతం మందికి కవాటాలు అసాధారణంగా ఉన్నాయని తేలడంతో, 1997 సెప్టెంబరు 15న ఫెన్‌ఫ్లూరమిన్, డెక్స్‌ఫెన్‌ఫ్లూరమిన్ రెండూ మార్కెట్ నుంచి వైదొలిగాయి. అప్పటికి అమెరికాలో వాటిని వాడినవారు సుమారు 60 లక్షల మంది.

దావాలు వేల సంఖ్యలో పడ్డాయి. ఒకే మందు మీద వివిధ రాష్ట్రాలలో పడిన సమాఖ్య దావాలను విచారణకు ముందరి దశ వరకు ఒకే న్యాయమూర్తి ముందు ఉంచే పద్ధతిని బహుళ జిల్లాల వ్యాజ్యం అంటారు. ఈ దావాలను ఫిలడెల్ఫియాలో అలా కలిపారు. 1999 ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక జ్యూరీ ఒక్క మహిళకే 2.3 కోట్ల డాలర్లకు పైగా పరిహారం విధించడంతో, ఆ మందులు అమ్మిన వైయెత్ మాతృసంస్థ అమెరికన్ హోమ్ ప్రొడక్ట్స్ ఆ అక్టోబరులో 375 కోట్ల డాలర్ల రాజీ ఒప్పందం ప్రకటించింది. 2000 ఆగస్టులో న్యాయస్థానం దాన్ని ఆమోదించింది. మందు వాడినవారికి ఎకో పరీక్ష, వైద్య పర్యవేక్షణ, రోగ తీవ్రతనూ వయసునూ బట్టి పట్టిక ప్రకారం చెల్లింపు అందులో ముఖ్యాంశాలు. మందు వాడింది 60 రోజులూ అంతకు తక్కువా, 61 రోజులూ ఆపైనా అన్నదాన్ని బట్టి హక్కులు మారేవి. పట్టికలోని మొత్తాలు 7 వేల డాలర్ల పైచిలుకు నుంచి సుమారు 15 లక్షల డాలర్ల దాకా ఉండేవి. పుపుస రక్తపోటు వచ్చినవారిని ఒప్పందం నుంచి మినహాయించి, వారు విడిగా దావా వేసుకునే హక్కును నిలిపారు. పట్టికతో తృప్తిపడనివారు తరువాతి దశల్లో బయటకు వచ్చి సొంత దావా వేసుకునే వీలు కూడా ఉండటంతో పదుల వేల మంది ఆ దారి పట్టారు. వివాదం మొత్తానికి సంస్థ చివరకు కేటాయించిన సొమ్ము 2,100 కోట్ల డాలర్లు దాటింది.

ఈ ఒప్పందం బాధితుల చరిత్రలో గొప్ప విజయమే అయినా, దాని లోపలి బలహీనతలూ అంతే బోధకరమైనవి. పరిహారం మొత్తం ఎకో బొమ్మను ఎలా చదివారన్న దాని మీద ఆధారపడటంతో, న్యాయవాదులు సామూహికంగా ఏర్పాటు చేసిన పరీక్షల్లో స్వల్పమైన లీకును తీవ్రమైనదిగా రాసిన ఉదంతాలు బయటపడ్డాయి. న్యాయమూర్తి హార్వీ బార్టిల్ అలాంటి దరఖాస్తులలో వైద్యపరంగా సమంజసం కానివి ఉన్నాయని తేల్చిన మీదట, తీవ్రవ్యాధి దరఖాస్తులన్నిటినీ స్వతంత్ర నిపుణులతో తనిఖీ చేయించవలసి వచ్చింది. ఆ తనిఖీ ఆలస్యం వల్ల నిజంగా జబ్బుపడినవారు ఏళ్ల తరబడి వేచి ఉన్నారు. కెంటకీ రాష్ట్రంలో 440 మంది బాధితుల తరఫున కుదిరిన 20 కోట్ల డాలర్ల రాజీ సొమ్ములో పెద్దభాగాన్ని వారి న్యాయవాదులే కాజేసినట్లు రుజువై, ఇద్దరు న్యాయవాదులు 2009లో సమాఖ్య న్యాయస్థానంలో దోషులుగా తేలారు. బాధితుడికి కంపెనీ నుంచే కాక తన తరఫున నిలబడ్డవారి నుంచి కూడా రక్షణ అవసరమని ఈ ఘటన రుజువు చేసింది. వేలమంది పేర్ల మీద ఒకే సంతకం చేసేటప్పుడు ప్రతి బాధితుడికీ ఒప్పందం వివరాలు విడివిడిగా తెలియజేయాలన్న వృత్తినియమం ఎంత అవసరమో దీనివల్ల తేటతెల్లమైంది.

ఫ్రాన్స్ ఎంచుకున్న మార్గం

ఫెన్‌ఫ్లూరమిన్‌ను కనుగొన్న సెర్వియే సంస్థే 1976 నుంచి ఫ్రాన్స్‌లో బెన్‌ఫ్లూరెక్స్ అనే మందును మెడియాటర్ పేరుతో అమ్మింది. అధికారికంగా అది మధుమేహ రోగులకు తోడుమందు. ఆచరణలో ఆకలి తగ్గించేందుకు వైద్యులు విరివిగా రాసిన మందు. శరీరంలోకి వెళ్లాక ఫెన్‌ఫ్లూరమిన్, బెన్‌ఫ్లూరెక్స్ రెండూ నార్‌ఫెన్‌ఫ్లూరమిన్ అనే ఒకే పదార్థాన్ని విడుదల చేస్తాయి. కవాటాలను పాడుచేసేది ముఖ్యంగా ఆ పదార్థమే. అంటే 1997లో ఫెన్‌ఫ్లూరమిన్ ఎందుకు తొలగిందో తెలిసిన తరువాత కూడా, దాని సోదర మందు మరో పన్నెండేళ్లు, 2009 నవంబరు దాకా, ఫ్రాన్స్ మందుల దుకాణాలలో కొనసాగింది. దాన్ని వాడినవారు సుమారు 50 లక్షల మంది. మరణాల అంచనాలు 500 నుంచి 2,000 దాకా ఉన్నాయి.

బ్రెస్త్ నగరంలోని ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వైద్యురాలిగా పనిచేస్తున్న ఇరేన్ ఫ్రాషోన్ రోగుల పాత కాగితాలను ఒక్కొక్కటిగా తిరగేసి ఈ సంబంధాన్ని నిరూపించి, 2010లో పుస్తకంగా ప్రచురించింది. ఎంతమంది మరణించారని ప్రశ్నించే ఆ పుస్తకపు ఉపశీర్షికను తొలగించాలని కంపెనీ కోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నా, 2011లో అప్పీలులో అది రద్దయింది. అదే ఏడాది ఫ్రెంచి పార్లమెంటు బాధితులు న్యాయస్థానం గడప తొక్కకుండానే నిపుణుల సంఘం ద్వారా పరిహారం పొందే ప్రత్యేక వ్యవస్థను చట్టబద్ధం చేసింది. వైద్యులకు మందుల కంపెనీల నుంచి అందే ప్రయోజనాలు బహిరంగపరచాలన్న చట్టం కూడా తెచ్చింది. ఫ్రెంచి న్యాయంలో బాధితులు క్రిమినల్ కేసులోనే పౌర కక్షిదారులుగా చేరి పరిహారం అడగవచ్చు. వేలాది మంది అలా చేరిన విచారణ 2019 సెప్టెంబరులో పారిస్‌లో మొదలై 2021 మార్చి 29న ముగిసింది. సెర్వియేను తీవ్రమైన మోసం, అసంకల్పిత నరహత్య నేరాలకు దోషిగా తేల్చి 27 లక్షల యూరోల జరిమానా విధించారు. సకాలంలో చర్య తీసుకోని ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థకు కూడా 3.03 లక్షల యూరోల జరిమానా పడింది. 2023 డిసెంబరులో అప్పీలు కోర్టు శిక్షను పెంచి, ఆరోగ్య బీమా సంస్థలకు సుమారు 41.5 కోట్ల యూరోలు తిరిగి చెల్లించాలని ఆదేశించింది. నియంత్రణ సంస్థ సైతం బోనులో నిలబడటం ఈ కేసు మిగిల్చిన అత్యంత విలువైన పూర్వోదాహరణ.

కొత్త తరం సూదులు, పాత ప్రశ్నలు

ఇరవై ఒకటో శతాబ్దంలో అమెరికన్ కంపెనీలు మరొక రక్షణ వాదన ముందుకు తెచ్చాయి. మందు వెంట వచ్చే సమాచార పత్రాన్ని సమాఖ్య ప్రభుత్వమే ఆమోదించింది కనుక, రాష్ట్ర చట్టం ప్రకారం అది చాలదని అనడానికి వీల్లేదన్న ఈ వాదనను సమాఖ్య ప్రాధాన్య వాదన అంటారు. 2009లో వైయెత్ వర్సెస్ లెవీన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తిరస్కరించి, హెచ్చరికను తాజాగా ఉంచే ప్రథమ బాధ్యత ఎల్లవేళలా తయారీదారుదేనని స్పష్టం చేసింది. కానీ 2011లో ప్లైవా వర్సెస్ మెన్సింగ్ కేసులో, జెనరిక్ తయారీదారులు అసలు కంపెనీ పత్రాన్ని యథాతథంగా అనుసరించక తప్పదు గనుక వారిమీద హెచ్చరిక లోపం దావా చెల్లదని అదే కోర్టు చెప్పింది. ఒకే మందు, ఒకే హాని. అయినా సీసా మీద ఎవరి పేరుందన్న దాన్ని బట్టి న్యాయం మారిపోయే విచిత్ర స్థితి అమెరికన్ రోగికి ఎదురైంది.

సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ మందులు ఈ నేపథ్యంలోకే ప్రవేశించాయి. పేగుల్లో పుట్టే హార్మోన్లను పోలిన ఈ మందులు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి, మెదడుకు కడుపు నిండిన సంకేతం పంపుతాయి. సెమాగ్లూటైడ్ 2017లో ఓజెంపిక్ పేరుతో మధుమేహానికి, 2021లో వెగోవీ పేరుతో స్థూలకాయానికి అనుమతి పొందింది. లక్షలాది మందికి ఇవి నిజమైన మేలు చేస్తున్నాయి. గుండెపోటు ముప్పును తగ్గిస్తున్నట్లు కూడా పరీక్షల్లో తేలింది. అయినా 2023 ఆగస్టులో లూయిజియానాలో తొలి దావా పడింది. జీర్ణాశయం దాదాపు కదలిక కోల్పోయే గ్యాస్ట్రోపరేసిస్ అనే స్థితి వస్తుందని నోవో నార్డిస్క్, ఎలై లిల్లీ కంపెనీలు తగినంతగా హెచ్చరించలేదన్నది అందులోని ఆరోపణ. 2024 ఫిబ్రవరిలో ఈ దావాలను కూడా ఫెన్-ఫెన్ దావాలు నడిచిన ఫిలడెల్ఫియా సమాఖ్య న్యాయస్థానంలోనే కలిపారు. వాంతులు, కడుపుబ్బరం వంటి లక్షణాలు చాలవనీ, జీర్ణాశయం ఎంతసేపటికి ఖాళీ అవుతుందో కొలిచే పరీక్షతో గ్యాస్ట్రోపరేసిస్‌ను నిర్ధారించాలనీ 2025లో ఆ న్యాయస్థానం నిర్ణయించింది. ఎకో పరీక్షల వివాదం తరువాత న్యాయస్థానాలు కొలవదగిన సాక్ష్యాన్ని కోరడం సహజమే. కానీ జబ్బుతో ఉన్న రోజుల్లో ఆ పరీక్ష చేయించుకోలేని బాధితుడికి దాని భారం ఎక్కువ. కంటినరానికి రక్తం ఆగి చూపు పోయే నయాన్ అనే అరుదైన స్థితి సెమాగ్లూటైడ్ వాడే పది వేల మందిలో ఒకరి దాకా రావచ్చునని 2025 జూన్‌లో ఐరోపా ఔషధ సంస్థ నిపుణుల సంఘం తేల్చింది. ఇప్పుడు నడుస్తున్న దావాలలోనూ పాత మూడు ప్రశ్నలే తిరిగి ఎదురవుతున్నాయి.

భారతీయ చట్టం: ఉన్న మార్గాలు, ఉన్న లోట్లు

భారతదేశంలో స్థూలకాయాన్ని నయం చేస్తామన్న ప్రచారాన్ని 1954 నాటి ఔషధాలు, మాయోపాయాల చట్టమే నిషేధించింది. ఆ చట్టపు షెడ్యూలులో స్థూలకాయం పేరు ఉంది. ప్రమాదకరమని తేలిన మందును దేశమంతటా నిషేధించే అధికారం 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలోని 26ఎ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని తేలిన సిబుట్రమిన్‌ను 2011 ఫిబ్రవరిలో ఈ సెక్షన్ కిందే నిషేధించారు. అయితే నిషేధం రేపటి అమ్మకాన్ని ఆపుతుందే గాని, నిన్నటిదాకా వాడినవారి నష్టాన్ని లెక్కించదు. ఔషధ పరీక్షల్లో పాల్గొని హాని పొందినవారికి పరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అదే మందు మార్కెట్‌లోకి వచ్చాక డబ్బిచ్చి కొని హాని పొందిన రోగికి అలాంటి నిర్ణీత వ్యవస్థ లేదు.

అందువల్ల అతనికి మిగిలిన ప్రధాన మార్గం వినియోగదారుల చట్టం. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని ప్రకటించింది. అందరికీ ఉచితంగా సేవలందించే ఆసుపత్రులను మినహాయించింది. ఆ తీర్పు తరువాతి కాలంలో హైదరాబాద్‌కు ఒక ప్రత్యేక స్థానముంది. 1990లో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో శస్త్రచికిత్స తరువాత కాళ్లు చచ్చుబడిన ఒక యువ ఇంజినీరుకు కోటి రూపాయల పరిహారం ఇవ్వాలని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాద్‌కే చెందిన మరో కేసులో, ప్రతి వైద్య నిర్లక్ష్యం కేసుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో అదే కోర్టు స్పష్టం చేసింది. స్టెరాయిడ్ మందును మోతాదు మించి ఇచ్చిన కోల్‌కతా కేసులో 2013లో దాదాపు 6 కోట్ల రూపాయల పరిహారం లభించింది. హక్కు గట్టిదే అయినా, నిజామ్స్ కేసులో పంతొమ్మిదేళ్లు, కోల్‌కతా కేసులో పదిహేనేళ్లు పట్టాయన్న వాస్తవాన్ని విస్మరించలేం.

2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉత్పత్తి బాధ్యత అనే కొత్త అధ్యాయాన్ని చేర్చింది. తయారీలో లోపం, రూపకల్పనలో లోపం, సరైన వాడకం గురించి సూచనలు గాని హెచ్చరికలు గాని లేకపోవడం, వీటిలో ఏదైనా హాని కలిగిస్తే తయారీదారు బాధ్యుడవుతాడు. అయితే 87వ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తోంది: నిపుణుడి పర్యవేక్షణలోనే వాడవలసిన వస్తువు విషయంలో ఆ నిపుణుడికి తగిన పద్ధతిలో హెచ్చరిక అందజేస్తే, హెచ్చరించలేదన్న కారణం మీద తయారీదారును బాధ్యుడిని చేయలేరు. 1966 నాటి విజ్ఞ మధ్యవర్తి సిద్ధాంతం భారతీయ చట్టంలో అక్షరరూపం దాల్చింది ఇక్కడే. కనుక చీటీ మందు వల్ల హాని పొందిన భారతీయ రోగి ముందుగా తేల్చుకోవలసింది, హెచ్చరిక ఎక్కడ ఆగిపోయిందన్నది. కంపెనీ వైద్యుడికి చెప్పకపోతే దావా కంపెనీ మీద. వైద్యుడికి తెలిసీ రోగికి చెప్పకపోతే, పాత జబ్బులు అడగకుండా రాస్తే, దావా వైద్యుడి మీద, ఆసుపత్రి మీద. చీటీ లేకుండానే దుకాణం అమ్మితే ఫిర్యాదు దుకాణం మీద, రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు. వైద్యుడి ప్రవర్తన మీద రాష్ట్ర వైద్య మండలిని ఆశ్రయించవచ్చు. ఒకే రకమైన హాని పొందినవారు వినియోగదారుల కమిషన్ అనుమతితో ఉమ్మడిగా ఫిర్యాదు చేయవచ్చు. కేసుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు.

ఈ మార్గాలన్నిటికీ పునాది కాగితం. చీటీ, కొనుగోలు రసీదు, సూదిమందు పెట్టె మీది బ్యాచి సంఖ్య, దానితో వచ్చిన సమాచార పత్రం, మందు మొదలుపెట్టిన, ఆపిన తేదీలు, జబ్బు నాటి పరీక్షల నివేదికలు లేని బాధితుడి హక్కు న్యాయస్థానంలో నిలబడటం కష్టం. ఫెన్-ఫెన్ ఒప్పందంలో 60వ రోజుకూ 61వ రోజుకూ మధ్య ఉన్న తేడా ఈ సంగతినే చెబుతుంది. భారతదేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చితో తీరడంతో, డాక్టర్ రెడ్డీస్ వంటి హైదరాబాద్ కంపెనీలు సహా అనేక దేశీయ సంస్థలు చవక ధరకు దాన్ని అందించే పోటీలో నిలిచాయి. ధర తగ్గడం పేదవారికి నిజమైన మేలు. దానితోపాటే వాడకం, చీటీ లేని అమ్మకం కూడా పెరిగే ప్రమాదముంది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసేందుకు కేంద్రం 2010లో ప్రారంభించిన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ద్వారా రోగి స్వయంగా సమాచారం ఇవ్వవచ్చు. ఫార్గోలో ఒక సాంకేతిక నిపుణురాలు, బ్రెస్త్‌లో ఒక వైద్యురాలు తాము చూసినదాన్ని నమోదు చేయకపోయి ఉంటే, ఆ రెండు దేశాలలో చాలామంది బాధితులకు పరిహారం అందడం కష్టమయ్యేది.

ఫ్రాన్స్ నెలకొల్పినటువంటి, న్యాయస్థానంతో నిమిత్తం లేని పరిహార వ్యవస్థ, సమాచార పత్రంలోని ముఖ్య హెచ్చరికలను తెలుగు వంటి భారతీయ భాషలలో రోగి చేతికే ఇవ్వాలన్న నియమం, ఈ రెండూ భారతీయ చట్టంలో చేరవలసిన తరుణం వచ్చింది. వైద్యుడికి చెబితే చాలన్న మినహాయింపు, ప్రతి వైద్యుడూ ప్రతి రోగికీ తీరిగ్గా వివరిస్తాడన్న ఊహ మీద నిలిచింది. కిటకిటలాడే ఆసుపత్రుల్లో ఆ ఊహ నిలబడదు. రోగి తనకు అర్థమయ్యే భాషలో ప్రమాదం తెలుసుకుని, తెలిసి ఒప్పుకుని మందు వేసుకున్ననాడే, ఆ తరువాత వచ్చే హానికి ఎవరు ఎంత బాధ్యులన్న ప్రశ్నకు న్యాయమైన జవాబు సాధ్యమవుతుంది.